బిల్లు అడిగేదాకా

పుదుచ్చేరిలో ఒక చిన్న ఫ్రెంచ్ రెస్టారెంట్లో మేం నలుగురు స్నేహితురాళ్లం మధ్యాహ్నం పన్నెండున్నరకి కూర్చున్నాం. లేచేసరికి నాలుగింటికి పావు తక్కువయింది. నెల్లూరికి తిరిగొచ్చి ఈ మాట చెబితే ఇంట్లోవాళ్లూ, ఆఫీసులోవాళ్లూ ఒకటే అడిగారు: "అంతసేపు ఏం తిన్నారు?" తిన్నది చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. నాకు చెప్పాలనిపిస్తున్నది ఆ కూర్చోవడం గురించి. వచ్చిన దగ్గర్నుంచీ అదే నా మనసులో తిరుగుతోంది.

మేం నలుగురం దర్గామిట్టలోని డి.కె. మహిళా కాలేజీలో డిగ్రీ చదివాం. ముప్పై ఏళ్లు కావస్తోంది. నలుగురం నెల్లూరులోనే ఉంటున్నాం. ఎవరింటి నుంచి ఎవరింటికైనా ఆటోలో పావుగంట. అయినా పెళ్లిళ్లలోనూ, పరామర్శలకి వెళ్లినప్పుడూ తప్ప నలుగురం ఒకచోట చేరిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒకామె వాళ్ల మామగారి కాలం నుంచి నడుస్తున్న మెస్ చూసుకుంటుంది. ఒకామె టీచరు. ఇంకొకామె భర్తకి ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్నాయి. నేను బ్యాంకులో పనిచేస్తాను. టీచరు కూతురికి పుదుచ్చేరి కాలేజీలో సీటొచ్చింది. పిల్లని హాస్టల్లో దింపడానికి వెళ్లే కారులో మిగతా ముగ్గురం కూడా ఎక్కేశాం. చెన్నై దాకా 175 కిలోమీటర్లు, అక్కణ్నుంచి సముద్రం పక్కనే ఇంకో 150. దారంతా పిల్ల పెట్టెలు మా ఒళ్లోనే.

పిల్లని వదిలాక టీచరు కళ్లు తుడుచుకుంటూ ఉంది. వెంటనే వెనక్కి తిరగబుద్ధి కాలేదు. వైట్ టౌన్ అనే పాత ఫ్రెంచి పేట వీధుల్లో నడిచాం. పసుపు గోడలు, కాగితప్పూలు, నీలం పలకల మీద ఫ్రెంచిలోనూ తమిళంలోనూ వీధుల పేర్లు. 1954 నవంబరు 1న ఫ్రెంచివాళ్లు ఈ ఊరి పాలన భారతదేశానికి అప్పగించారు. చట్టప్రకారం ఆ బదిలీ పూర్తయింది 1962 ఆగస్టు 16న. మన గోదావరి తీరాన ఉన్న యానాం కూడా వాళ్ల చేతిలోదే, ఇప్పటికీ పుదుచ్చేరిలో భాగమే. ఇవన్నీ టీచరే చెప్పింది. చెబుతుంటే కాస్త తేరుకుంది.

ఆ రెస్టారెంటు పాత ఇల్లు. నడిమి వాకిట్లో వేపచెట్టు, దాని చుట్టూ పది పన్నెండు బల్లలు. మెనూ పుస్తకం లేదు. నల్ల పలక మీద సుద్దముక్కతో ఆ రోజు వంటలు రాసి, ఆ పలకనే తెచ్చి మా పక్కన కుర్చీలో నిలబెట్టారు. "ఏందే ఇది, మా మెస్ బోర్డే గదా!" అంది మెస్ చూసుకునే స్నేహితురాలు. ఆమె అన్నది మాటవరసకే అయినా అందులో నిజముంది. మనం మెనూ అంటే వంటల జాబితా అనుకుంటాం. ఫ్రెంచి హోటల్లో జాబితాని 'కార్త్' అంటారు. 'మెనూ' అంటే ఒకే ధరకి మొదటి వంటకం, అసలు వంటకం, తీపి కలిపి ఇచ్చే భోజనం. మనం కౌంటర్లో "రెండు మీల్స్" అంటామే, దాదాపు అదే. రోజుకొకటి మార్చి వండేదానికి 'ప్లా ద్యు జూర్' అని పేరు, అంటే ఈ రోజు వంట. ఫ్రెంచి తిండి అనగానే తెల్ల చేతితొడుగులూ, అరడజను చెంచాలూ గుర్తుకొచ్చి మనం భయపడతాం. అక్కడ మామూలు మనుషులు మధ్యాహ్నం తినే చోటు మన మెస్‌కి ఎంత దగ్గరో ఆ పలక చూశాకే నాకు తెలిసింది.

తిన్నవి కూడా చెబుతాను. ఎర్రగడ్డల సూపు పలక మీద మొదట ఉంది. టీచరు శాకాహారి. కాయగూరలతోనే చేస్తారా అని అడిగితే వడ్డించే అబ్బాయి వంటింట్లోకి వెళ్లి కనుక్కొచ్చాడు. పద్ధతి ప్రకారం దాన్ని గొడ్డు ఎముకల రసంతో చేస్తామని మొహమాటం లేకుండా చెప్పాడు. కొన్ని చీజ్‌లలో పాలు గడ్డకట్టడానికి దూడ పొట్ట నుంచి తీసే రెన్నెట్ వాడతారని కూడా అతనే చెప్పాడు. శాకాహారులు ఫ్రెంచి భోజనానికి వెళ్తే ఈ రెండూ తప్పక అడగాలి. టీచరు పుట్టగొడుగుల గాలెట్ తీసుకుంది. ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతపు దోసె అది. బక్‌వీట్ పిండి పల్చగా కలిపి, పెనం మీద పోసి, మధ్యలో కూరాకు పెట్టి, నాలుగు అంచులూ లోపలికి మడిచి చదరంగా ఇస్తారు. నల్లగోధుమ అని వాళ్లు పిలుచుకుంటారు గానీ అది గోధుమ జాతే కాదట. మా కారం దోసె తిన్న నాలుకకి మొదటి ముక్క మట్టి వాసనేసినట్టుంది అంది టీచరు. నాలుగో ముక్కకి ఏమీ అనలేదు.

రాటటూయ్ వచ్చింది. వంకాయ, టమాటా, క్యాప్సికం, దోసకాయలా ఉండే జుకినీ ఆలివ్ నూనెలో మగ్గబెట్టిన కూర. మంచిగా చేసేవాళ్లు ఏ కూరగాయకి ఆ కూరగాయ విడిగా వేయించి ఆఖర్న కలుపుతారు. వంకాయ మన దేశం నుంచే పడమటికి పోయింది. టమాటా, క్యాప్సికం అమెరికా ఖండం నుంచి అక్కడికీ ఇక్కడికీ వచ్చాయి. మనింటి వంకాయ టమాటా కూరాకు, ఫ్రాన్స్‌లో నీస్ ఊళ్లో వండే ఈ కూర దాయాదులే. నేను చేప తీసుకున్నాను. పిండిలో పొర్లించి వెన్నలో కాల్చి, నిమ్మరసం పిండి ఇచ్చారు. ఆ పద్ధతిని 'మ్యూనియేర్' అంటారు. పిండిమర నడిపేవాడి భార్య అని ఆ మాటకి అర్థం, పిండి ఉంటుంది కాబట్టి ఆ పేరు. పులుసులో ఊరిన చేప తిని పెరిగినదాన్ని. నెల్లూరు చేపల పులుసు మామిడికాయ పులుపు పట్టి, మర్నాటికి గానీ దాని రుచి దానికి రాదు. ఇక్కడ అలాంటిదేమీ లేదు. చేప రుచి చేపగానే తెలిసింది. చప్పగా ఉందని తోసేయడానికి నాకు మనసొప్పలేదు. కారం లేకపోవడం వేరు, చప్పదనం వేరు. ఆ వెన్న ఎంతదాకా కాగాలో, ఎప్పుడు దించాలో తెలిసిన చెయ్యి దాని వెనక ఉంది.

ఇంతకీ అసలు సంగతి. ఒక వంటకం తిన్నాక ప్లేట్లు తీసేశారు. తర్వాతది రాలేదు. పది నిమిషాలైంది. బల్ల మీద బుట్టలో రొట్టె ముక్కలు, ఒక జగ్గులో నీళ్లు, అంతే. మాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మెస్ స్నేహితురాలు వంటింటి తలుపు వైపు చూస్తూ "ఆర్డరు మర్చిపోయినట్టున్నారే" అంటోంది. ఆ ఖాళీలో మూడో ఆమె, రొయ్యల గుంటల ఆమె, రొట్టె తుంచుతూ తల ఎత్తకుండా అంది: "నా గాజులు రెండేళ్లుగా బ్యాంకులోనే ఉన్నాయే."

నేను పనిచేసే బ్యాంకు కాదు, వేరే బ్యాంకు. నాకు తెలియకూడదనే వేరే చోట పెట్టిందట. రెండు పంటలు వరసగా తెల్లమచ్చ వైరస్ కొట్టేసింది. రొయ్య ఎదగకముందే గుంట ఖాళీ చేయాల్సి వచ్చింది. మేత అప్పు, సీడు అంటే రొయ్య పిల్లల అప్పు, నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ల కరెంటు బిల్లు. భర్త రాత్రిళ్లు గట్టు మీదే పడుకుంటాడు, ఇంటికొస్తే మాట్లాడడు. ఈ రెండేళ్లలో మా ఇళ్లలో రెండు పెళ్లిళ్లకి ఆమె వచ్చింది, నవ్వింది, మెడలో గిల్టు నగ వేసుకుని ఫొటోలు దిగింది. మాలో ఎవరికీ అనుమానం కూడా రాలేదు. ఇది ఇక్కడ రాయమని ఆమే చెప్పింది. రాసినది తనకే ముందు చదివి వినిపించాను.

ఆమె అరగంట మాట్లాడింది. ఆ అరగంటలో ఎవరూ మా బల్ల దగ్గరికి రాలేదు. తర్వాత తెలిసింది, వంట ఎప్పుడో సిద్ధంగానే ఉందట. వాళ్లు మమ్మల్ని చూసి ఆగారట.

ఆఖర్న క్రెమ్ కారమెల్ అనే పాలూ గుడ్ల తీపి తిన్నాం, కాఫీ తాగాం. బిల్లు కోసం చూశాం. ఇరవై నిమిషాలైనా రాలేదు. మళ్లీ మర్చిపోయారనుకుని పిలిస్తే ఆ అబ్బాయి నొచ్చుకున్నట్టు చూశాడు. "మీరు అడక్కుండా బిల్లు తెస్తే, లేచి వెళ్లమని చెప్పినట్టు అవుతుంది మేడం" అన్నాడు. ఫ్రాన్స్‌లో ఇదే మర్యాద. తిన్నవాళ్లు అడిగితేనే బిల్లు. నలుగురికీ కలిపి ఐదు వేలకి కాస్త తక్కువైంది. మాకు అది పెద్ద మొత్తమే. కారెక్కాక అందరం మనసులో ఆ డబ్బు లెక్క వేసుకున్నాం. ఒక్కొక్కరికి పన్నెండు వందలు పైన. చేపకీ దోసెకీ అంతనా అంటే అనొచ్చు. నా లెక్క వేరు. అందులో సగం ఆ కుర్చీకి. మూడుంబావు గంటలు ఎవరూ లేపని కుర్చీకి.

2010లో యునెస్కో ఫ్రెంచివాళ్ల భోజనాన్ని మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. వచ్చాక దాని వివరణ చదివాను. ఏదో ఒక వంటకానికి ఇచ్చిన గుర్తింపు కాదది. మనుషులు కలిసి కూర్చోవడం, ఒకదాని తర్వాత ఒకటిగా వంటకాలు రావడం, తింటూ తిండి గురించి మాట్లాడుకోవడం, ఈ అలవాటు మొత్తాన్ని చేర్చారు. ఫ్రాన్స్ కార్మిక చట్టంలో ఇంకో నియమం ఉంది: పనిచేసే చోటే కూర్చుని ఉద్యోగుల్ని భోంచేయనివ్వకూడదు. కోవిడ్ వల్ల 2021లో దాన్ని తాత్కాలికంగా సడలించాల్సి వచ్చింది. నేను పదేళ్లుగా కంప్యూటరు పక్కన క్యారేజీ పెట్టుకుని, ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో ఓచర్లు తిప్పుతున్నాను. ఆ నియమం చదివినప్పుడు కాసేపు ఊరికే ఉండిపోయాను.

అలాగని ఫ్రాన్స్‌లో అందరూ రోజూ మూడు గంటలు తింటారని నేను చెప్పను. పారిస్‌లో 1896లో మొదలైన బుయ్యోన్ షార్తియే అనే హోటలు ఇప్పటికీ ఉంది. తక్కువ ధరకి మామూలు జనం తినే చోటు. ముక్కూ మొహం తెలియనివాళ్లని ఒకే బల్ల దగ్గర కూర్చోబెడతారు. సర్వరు ఆర్డరూ లెక్కా బల్ల మీద పరిచిన కాగితం మీదే రాస్తాడు. తిన్నామా లేచామా అన్నట్టే ఉంటుంది. ఆకలికి తినే భోజనం ఎక్కడైనా అలాగే ఉంటుంది, ఉండాలి కూడా. నేను అడుగుతున్నది రెండో రకం భోజనం గురించి. స్నేహితులతో తినేది. దానికి నెల్లూరులో చోటు ఎక్కడుంది?

తిండికి మాకు లోటు లేదు. హైదరాబాదులోనూ చెన్నైలోనూ సందుకొక 'నెల్లూరు మెస్' బోర్డు కనపడుతుంది. ఊళ్లో ట్రంకు రోడ్డు మీద ఏ హోటల్లో దూరినా అన్నం మీద నెయ్యి బాగానే పోస్తారు. కానీ చివరి ముద్ద పెరుగన్నం నోట్లో ఉండగానే సోంపు గిన్నెతో పాటు బిల్లు వస్తుంది. కుర్చీ వెనక ఎవరో ఒకరు చెయ్యి ఆనించి నిలబడి ఉంటారు. ఆ చెయ్యి మన వీపుకి తగులుతుంటే ఎవరు మాత్రం తాకట్టు గాజుల గురించి చెప్పుకుంటారు?

ఈ మాటే కారులో అంటే మెస్ స్నేహితురాలికి కోపమొచ్చింది. కోపంలో న్యాయముంది, అందుకే ఆమె మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "మా దాంట్లో నలభై కుర్చీలు. పన్నెండు నుంచి మూడు దాకా ఒక్కో కుర్చీలో ఐదుగురు కూర్చుంటేనే బియ్యం, గ్యాసు, సప్లయర్ల జీతాలు పోను నాకేమన్నా మిగిలేది. మీరు నలుగురూ మూడు గంటలు కూర్చుంటే పదహారు మంది ఆకలితో బయటికి పోతారు. వాళ్లలో సగం మంది ఆసుపత్రికి పల్లెల నుంచి వచ్చినోళ్లే. వాళ్లని నిలబెట్టి నేను మీ కబుర్లకి కుర్చీ ఇయ్యనా?" దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఆ మూడు గంటలు వాళ్లవే.

కాకపోతే మగవాళ్లకి ఇంకో ఏర్పాటుంది. మా వీధి చివర టీ బంకు దగ్గర పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా మగవాళ్లు ఉంటారు. ఒక టీకి గంట నిలబడినా ఎవరూ ఏమీ అనరు. అప్పు సంగతులు, ఇంటి గొడవలు, రాజకీయాలు, అన్నీ అక్కడే తెగుతాయి. ఆడవాళ్లకి అలాంటి చోటు చెప్పండి. రంగనాయకుల గుడికి పోతాం, పెన్న ఒడ్డున కాసేపు కూర్చుంటాం, దీపం పెట్టే వేళకి ఇంటికి రావాలి. చీరల కొట్టులో చాప మీద గంట కూర్చోనిస్తారు, చీర కొనాలి. ఆసుపత్రి వరండాలో కూర్చోవచ్చు, లోపల ఎవరో మంచం మీద ఉండాలి. ఇప్పుడు మాగుంట లేఅవుట్ వైపు కాఫీ షాపులు వచ్చాయి. పాటల హోరులో ఒకరి మాట ఒకరికి వినపడదు. అవి మా పిల్లల కోసం, మా కోసం కాదు.

ఇది కొత్తగా వచ్చిన కరువు కూడా కాదు. నా చిన్నప్పుడు పెళ్లిళ్లలో మొదటి బంతి మగపెళ్లివారిది, రెండోది ఊరి పెద్దలది. మా అమ్మా అత్తలూ కూర్చునేది ఆఖరి బంతిలో. అప్పటికి కూరలు అడుగంటేవి, పులుసులో ముక్కలుండేవి కావు. వాళ్లకి వడ్డించే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. ఐదు నిమిషాల్లో తిని గిన్నెలు సర్దడానికి లేచేవాళ్లు. పప్పు, కూర, పచ్చడి, పులుసు, చారు, పెరుగు అని వరస పెట్టుకుని, ఒక్కోదానికీ వేరుగా అన్నం కలుపుకుని తినే పద్ధతి మనది. ఫ్రెంచివాళ్ల వరసకి అదేం తీసిపోదు. ఆ వరసని నింపాదిగా, పీట మీద కదలకుండా కూర్చుని తిన్న ఆడదాన్ని మాత్రం మా ఇంట్లో నేను చూడలేదు. మా అమ్మ నిలబడి తినేది. నేనూ నిలబడే తింటాను. పుదుచ్చేరిలో ఆ బల్ల దగ్గర నాకు మొదట చేతులు ఆడకపోవడానికి కారణం ఇదేనని ఇప్పుడు అర్థమవుతోంది.

మనసులో మాట పైకి చెప్పుకోవడం మా ఊరికి చేతకాదనడానికీ లేదు. మొహర్రం నెలలో రొట్టెల పండుగకి బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడతాం. ఏ ఊరి మనిషో, ఏ మతమో తెలియదు. పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇల్లు రొట్టె అని పేరు పెట్టి అడుగుతాం. కోరిక తీరినవాళ్లు ఇస్తారు, కావాల్సినవాళ్లు తీసుకుంటారు. "నాకు పిల్లలు లేరమ్మా" అని ముక్కూ మొహం తెలియని మనిషితో నీళ్లలో నిలబడి చెప్పుకునే ఊరు మాది. ముప్పై ఏళ్ల స్నేహితురాళ్లతో ఆ మాట చెప్పుకోవడానికి ఒక బల్ల, నాలుగు కుర్చీలు దొరకవంటే నేను ఒప్పుకోలేను.

తడ దాటాక మెస్ స్నేహితురాలు తనంతట తానే మళ్లీ మాట్లాడింది. "మూడు దాటితే మా హాలు ఖాళీయే. కుర్చీలు బల్లల మీద బోర్లించి పెడతాం. రాత్రి టిఫిను ఆరున్నరకి గానీ మొదలు కాదు." అంతే అంది. మేమెవరం ఏమీ అడగలేదు. నాయుడుపేట వచ్చేదాకా ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ లెక్కలు వేసుకుంటూనే ఉంది. ఒక పొయ్యి, ఒక దోసె మాస్టరు, ఒక సప్లయరు. వంద రూపాయల టిఫినుకి యాభై కుర్చీకి కలిపితే నూట యాభై. కూర్చున్నంతసేపు కూర్చోవచ్చు. ఆడవాళ్లకి మాత్రమే అని బోర్డు పెట్టాలా వద్దా అని టీచరూ ఆమే గూడూరు దాకా వాదించుకున్నారు. పెట్టాలని టీచరు, పెడితే వాళ్ల మామగారు ఊరుకోరని ఆమె. బోర్డు పెట్టాలనే నా మాట కూడా. బోర్డు లేకపోతే నెల తిరక్కుండానే ఆ బల్లల చుట్టూ కూడా మగవాళ్లే కూర్చుంటారు.

పోయిన శనివారం మూడున్నరకి మొదటిసారి కూర్చున్నాం. బోర్డు ఇంకా లేదు. మేం నలుగురం, మాతోపాటు టీచరు స్కూల్లో పనిచేసే ఇద్దరు. రెండు దోసెల మధ్య కాస్త ఆగమని మాస్టరుకి ముందే చెప్పి పెట్టారు. మొదట ఎర్రకారం దోసెలు వచ్చాయి. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. పైన ఫ్యాను తిరుగుతోంది. రొయ్యల గుంటల ఆమె ఈ పంట సంగతి మొదలుపెట్టింది. కౌంటు, అంటే కిలోకి తూగే రొయ్యల లెక్క, బాగానే వస్తోందట, రేటే నిలకడగా లేదట. భర్త ఈ మధ్య రాత్రిళ్లు ఇంటికొస్తున్నాడట. ఆమె ఇంకా చెబుతుండగానే సప్లయరు కుర్రాడు అలవాటుగా ఒక చేతిలో సోంపు గిన్నె, ఒక చేతిలో బిల్లు కాగితం పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. మెస్ స్నేహితురాలు వాడికేసి చూసి తల అడ్డంగా ఊపింది. వాడు రెండూ తీసుకుని కౌంటరు దగ్గరికి వెళ్లిపోయాడు. రొయ్యల గుంటల ఆమె ఎక్కడ ఆపిందో అక్కణ్నుంచే మళ్లీ అందుకుంది.